చేతి మిషన్, చిన్న బొంత

మొన్నామధ్య మా చెల్లెలి కోడలు ఫోన్ చేసింది. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు ఆడవాళ్ళు కలిసి ఆదివారాల పూట బొంతలు కుడుతున్నారట. "పెద్దత్తమ్మా, మిషన్ ఒకటి కొందామనుకుంటున్న. చేత్తో పట్టుకొని పై ఫ్లోర్‌కు తీసుకపోయేటంత చిన్నది కావాలె. నీకైతే తెలుస్తదని అడుగుతున్న" అంది. షాపులోనే దాన్ని ఎత్తుకొని నాలుగడుగులు నడిచి చూసి అప్పుడు కొనమన్నాను. నవ్వి సరేనంది. ఆ సలహా నాది కాదు, మా అవ్వది. మా అమ్మను మేము అవ్వా అని, నాన్నను బాపూ అని పిలిచేవాళ్ళం. ఎప్పుడూ దుకాణదారు ముఖం చూసి మాట్లాడని మా అవ్వ, ఒకనాడు వరంగల్ బజారులో మిషన్ల దుకాణం నడుమ నిలబడి మా బాపు ఎదుట చేసిన పని అది. ఆ మిషన్ మా ఇంటికి వచ్చాక జరిగినదంతా ఆ పిల్లకు ఫోన్లో చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది ఖిలా వరంగల్. మట్టికోటకూ రాతికోటకూ నడుమ పొలాలు, పొలాల నడుమ మా ఇళ్ళు. బాపు మిర్చి మార్కెట్లో బస్తాలు తూకం వేసే దగ్గర పని చేసేవాడు. ఎండాకాలం ఆయన వాకిట్లో అడుగు పెట్టకముందే ఆయన వాసన వచ్చేది. గడప దాటకుండా బయటే నిలబడి తువ్వాల దులిపి, అవ్వ బకెట్ అందిస్తే మోచేతుల దాకా కడుక్కొని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. అయినా అన్నాల దగ్గర ఎవరో ఒకరం తుమ్మేవాళ్ళం. తక్కువ మాట్లాడే మనిషి. కోపమొస్తే ఇంకా తక్కువ. అరిచే మగవాళ్ళున్న ఇళ్ళను చూసి అవ్వ ఒక్కోసారి, "అరిస్తె అరిసిండ్రు గని, మనసుల ఏమున్నదో తెలుస్తది" అనేది. మా ఇంట్లో అది తెలిసేది కాదు. ఆయన కంచం ముందు నుంచి లేచే తీరును బట్టి మేము ఊహించుకోవాల్సిందే.

పదో తరగతి అయ్యాక నేను కుట్టుపని నేర్చుకున్నాను. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కత్తిరించడం వచ్చాక, మిషన్ కొనిస్తానని బాపే అన్నాడు. ఆయన మనసులో ఉన్నది కాలు మిషన్. ఇనుప కాళ్ళు, కింద పెద్ద చక్రం, తోలు బెల్టు. కిటికీ పక్కన ఒకసారి పెడితే అది ఇక కదలదు. అది కదలకపోతే పిల్ల కూడా కదలదు, వాడలోవాళ్ళే బట్టలు తెచ్చిస్తారు. ఆయన ఆలోచన తప్పని నేను ఇప్పటికీ అనను. కాలు మిషన్ మీద రెండు చేతులూ బట్టను పట్టుకొని ఉంటాయి, పని తొందరగా సాగుతుంది. చేతి మిషన్‌కైతే కుడిచేయి ఎప్పుడూ పిడి తిప్పుతూనే ఉండాలి, బట్టను ఎడమచేయి ఒక్కటే నడిపించాలి. అవ్వకు ఇవేవీ పట్టలేదు. ఆమెకు కావలసింది లచ్చవ్వ కొట్టంలోకి మోసుకుపోగలిగే మిషన్.

లచ్చవ్వ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. చుట్టం కాదు, కానీ అవ్వ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. పొద్దున బర్రెలు మేతకు పోగానే కొట్టమంతా ఊడ్చి, కళ్ళాపి చల్లి ఆరబెట్టేది. పగటి అన్నాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్ళు పాత చీరల మూటలతో అక్కడికి చేరేవారు. పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, ఎవరో నములుతున్న తమలపాకు వాసన. చీరలను ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ముడతలు లేకుండా అరచేత్తో రాసి, తలా ఒక అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వచ్చేవారు. పక్క గల్లీలో ఉండే మౌలాబీ చిన్నమ్మ వేసే టాకాలు చీమల వరుసలా సన్నగా ఉండేవి. మా అవ్వ ఇంట్లో నవ్వితే పెదవులు మాత్రమే కదిలేవి. ఆ కొట్టంలో నవ్వితే మా వాకిట్లోకి వినపడేది. నేను కూడా ఆ మనుషుల మధ్య కూర్చుని పని చేయాలని ఆమె కోరిక.

దుకాణంలో బాపు కాలు మిషన్ ముందే నిలబడ్డాడు. దుకాణదారు కూడా, "చేతి మిషన్ తిప్పి తిప్పి పిల్ల భుజం పడిపోతది. ఇదే తీసుకోండ్రి" అన్నాడు. అవ్వ కొంగు నడుముకు చుట్టుకొని, మూల బల్ల మీద ఉన్న చేతి మిషన్ దగ్గరికి పోయింది. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు పూలు, పైన గుమ్మటంలా వంపు తిరిగిన కొయ్య మూత, మూతకు పిడి. ఎవరినీ అడగకుండా దాన్ని ఎత్తుకొని, దుకాణం మెట్లు దిగి, రోడ్డు మీద సోడా బండి దాకా నడిచి, తిరిగి వచ్చింది. జనం చూస్తున్నారు. బాపు ముఖం గట్టిపడింది. "ఇది నేను మోస్త. పిల్ల మోస్తది. గా కాలు మిషన్ కదిలియ్యాల్నంటె నలుగురు మొగోళ్ళు గావాలె" అంది అవ్వ, రొప్పుతూ. బాపు పైసలు తీసి బల్ల మీద పెట్టాడు. రిక్షాలో మిషన్ నా కాళ్ళ మధ్య ఉంది.

"ఇల్లిల్లు తిరిగెటందుకా మిషన్?" అన్నాడు బాపు, కోట దర్వాజా దాటాక.

"ఇల్లిల్లు కాదు. ఒక్క ఇల్లు" అంది అవ్వ.

ఆ తరువాత చాలా రోజులు ఆయన అవ్వతో నేరుగా మాట్లాడలేదు. "అన్నం పెట్టమను" అని నాతో చెప్పేవాడు, అవ్వ పక్కనే నిలబడి ఉన్నా సరే. నేను ఆ మాటను మళ్ళీ చెప్పాలా వద్దా తెలియక ఇద్దరి మధ్య నిలబడేదాన్ని.

ఇంత చేసి తెస్తే కొట్టంలో కూడా మిషన్‌కు మంచి ముఖం దొరకలేదు. మొదటి రోజు పీట మీద పెట్టి మూత తీయగానే అందరూ చుట్టూ చేరారు. లచ్చవ్వ మాత్రం కూర్చున్న చోటి నుంచే చూసింది. "గిది గిర్రున తిప్పితె అయిపాయె. మల్ల మనం కూసునుడు ఎందుకు?" అంది. మిషన్ గుమ్మం దగ్గర ఉండవచ్చు, నేను జాకెట్లు కుట్టుకోవచ్చు, కానీ అది బొంతను ముట్టకూడదని తీర్మానమైంది. అట్లా కొన్నాళ్ళు నేను గుమ్మంలో, వాళ్ళు లోపల. నా మిషన్ చప్పుడుకు వాళ్ళ మాటలు తెగిపోయేవి. మాట సగంలో ఆపి, నేను పిడి ఆపేదాకా ఎదురుచూసేవారు.

లచ్చవ్వకు ఒక్కతే కూతురు, కమలక్క. ధర్మసాగర్‌లో ఇచ్చారు. రెండు కాన్పులూ పుట్టింటికి వచ్చే అయినాయి, రెండుసార్లూ బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. కమలక్క అత్త బాలవ్వ ఎవరినీ తిట్టలేదు. "ఆ ఇంటి గాలి మా పిల్లలకు పడ్తలేదు" అని ఒక్క మాట అంది. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు కోడలిని పుట్టింటికి పంపలేదు. కాన్పు దవాఖానలో అయింది, దవాఖాన నుంచి నేరుగా ధర్మసాగర్‌కే తీసుకుపోయారు. మగపిల్లవాడు. తొట్టెలలో వేసే రోజుకు వచ్చి చూసి పొమ్మని లచ్చవ్వకు కబురొచ్చింది. వచ్చి, చూసి, పొమ్మని. ఆ మూడు మాటలూ లచ్చవ్వ మాతో చెప్పినప్పుడు వేళ్ళు మడిచి చెప్పింది.

పుట్టకముందు ఏదీ కుట్టకూడదని మావాళ్ళ నమ్మకం. కబురు వచ్చేసరికి చేతికుట్టుకు సరిపడా సమయం లేదు. లచ్చవ్వ చీరల మూట ముడి విప్పి, నా వైపు తిరగకుండానే, "సరోజా, జర మిషన్ లోపలికి తే" అంది. తలా ఒక చీర ముక్క ఇచ్చాం, బాగా నలిగి మెత్తబడినవే. నేను రెండు చేతులతో బట్ట నడిపిస్తుంటే మౌలాబీ చిన్నమ్మ పిడి తిప్పింది. వరుసలు చకచకా పడుతున్నాయి. అందరూ వంగి చూస్తున్నారు. చివరి మూల దగ్గర అన్ని పొరల అంచులూ ఒకచోట కలిసి దళసరిగా ఉన్నాయి. అక్కడ సూది టప్పున విరిగింది. పైముక్క మిషన్‌లోనే ఉంది, కిందిముక్క బొంత మీద పడింది. మౌలాబీ చిన్నమ్మ దాన్ని వెంటనే పట్టుకుంది. "దొరికింది, ఫికర్ లేదు" అంది. రెండు ముక్కల్నీ మిషన్ పక్కనున్న చిన్న అరలో వేసి, కొత్త సూది పెట్టి కుట్టు ముగించాం. మర్నాడు లచ్చవ్వ బొంతను తీసుకుపోయి, ఇచ్చి, మనుమడిని చూసి, ఆ పూటే తిరిగి వచ్చింది. నీళ్ళు కూడా గుమ్మంలోనే తాగానని చెప్పింది.

ఆ మరుసటి పొద్దున నేను జాకెట్ కుడదామని కూర్చున్నాను. అరలో విరిగిన ముక్కలు చూసి, చెప్పుల్లేని కాళ్ళకు గుచ్చుకుంటాయి, దూరంగా పారేసి వస్తానని అవ్వ వాటిని అరచేతిలోకి తీసుకుంది. రెండింటినీ ఒకదాని కొసకు ఒకటి చేర్చి పెట్టింది. ఎందుకు చేర్చిందో ఆమెకే తెలియదు. నా పొట్లంలోంచి కొత్త సూది తీసి పక్కన పెట్టింది. పాతది పొట్టిగా ఉంది. సగం బియ్యపు గింజంత తక్కువ. మొన లేదు.

మొన బొంతలో ఉండిపోయిందేమోనని అవ్వ ముఖం చూడగానే నాకు తట్టింది. బాపు మార్కెట్‌కు బయలుదేరి తువ్వాల తలకు చుట్టుకుంటున్నాడు. దగ్గరికి వచ్చి అవ్వ అరచేతిలోకి చూశాడు. ఇప్పుడంటాడు, ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఇప్పుడంటాడు అనుకున్నాను. ఆయన తువ్వాల విప్పి భుజాన వేసుకొని, "లచ్చక్కకు చెప్పుండ్రి. బస్సు దొరుకుతది, నేనూ వస్త" అన్నాడు. అవ్వ ముఖం చూసి మాట్లాడాడు.

లచ్చవ్వ బర్రె కింద నుంచి పాల చెంబుతో అప్పుడే లేచింది. అవ్వ చెప్పింది విని చెంబు కింద పెట్టింది. అవ్వ ఆమె చేయి పట్టుకుంది. "అక్కా, సూది మాట అనకు. కుట్టు ఊడిందట, సరిజేసి తెస్తమని అడిగి తెచ్చుకుందం. వాళ్ళకు తెలిస్తె నిన్ను మల్ల ఆ వాకిట్ల నిలవడనియ్యరు."

"నేను పొయ్యి కూసోని, మంచీ చెడూ అడిగి, గా ముచ్చటకు అచ్చేదాంక పిలగాడు దాని మీదనే పంటడు గద" అంది లచ్చవ్వ. "చెప్పుడే."

మౌలాబీ చిన్నమ్మ ఏడుస్తూ వచ్చింది. తిప్పింది నేనే, నేనూ వస్తానంది. మొన కొట్టంలోనే పడి ఉండవచ్చు, నువ్వు ఇక్కడ వెతుకు అని లచ్చవ్వ ఆమెను ఆపింది. హన్మకొండలో బస్సు మారాం. బస్సులో పక్క సీటు ఆమె, "మనుమన్ని చూడవోతానవా?" అని లచ్చవ్వను పలకరించింది. "ఔ" అంది లచ్చవ్వ. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, ఒక బొటనవేలితో ఇంకో బొటనవేలిని రుద్దుతూనే ఉంది. ధర్మసాగర్ చెరువు కట్ట కనిపించాక నేను కిటికీలోంచి చూడడం మానేశాను. బస్సు ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగిందని నాకు ఏడుపొచ్చింది.

గల్లీ మలుపులోనే పిల్లవాడి ఏడుపు వినిపించింది. లచ్చవ్వ పరుగెత్తడం నేను చూడడం అదే మొదటిసారి. బాపు బయట గోడ దగ్గరే ఆగిపోయాడు, మేం ముగ్గురం లోపలికి పోయాం. బాలవ్వ వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది. పొడవాటి మనిషి. మమ్మల్ని చూసి చాట దించలేదు. "మల్లెందుకొచ్చినవ్ వదినె? పొద్దటి సంది పిలగాడు ఒక్కతీరుగ ఏడుస్తాండు, మాకే సమజయితలేదు."

"పిలగాన్ని బొంత మీదికెంచి తియ్యుండ్రి. దాంట్ల సూది మొన ఉన్నది" అంది లచ్చవ్వ.

చాటలోంచి బియ్యం జారి నేల మీద పడ్డాయి. లోపల కమలక్క కేక పెట్టింది. తొట్టెలలోంచి పిల్లవాడిని తీసుకొని ఆమె బయటికి వచ్చేసరికి బాలవ్వ లేచి వాడిని లాక్కున్నంత పని చేసింది. వెలుతురులో నిలబడి, బట్టలు తీసి, వీపు, తొడలు, మెడ వెనక, మడమలు, ఒక్కో చోటా వేలితో తడుముతూ చూసింది. మేమంతా ఆ వేలినే చూస్తున్నాం. ఎక్కడా గీత లేదు. రక్తం లేదు. వాడు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు.

"ఎవరు కుట్టిండ్రు?" అంది.

నేను నోరు తెరిచేలోపే లచ్చవ్వ, "నా కొట్టంల కుట్టినం. నేను చేసిన బొంత" అంది.

బాలవ్వ పిల్లవాడిని కమలక్కకు ఇచ్చింది. లోపలి నుంచి తెల్ల ధోవతి తెచ్చి వాకిట్లో పరిచి, దాని మీద బొంత పడేసి, "ఇప్పుండ్రి" అంది. తానూ కూర్చుంది. నలుగురం నాలుగు మూలల నుంచి కుట్లు విప్పడం మొదలుపెట్టాం. మిషన్ కుట్టు కదా, దగ్గరదగ్గరగా, గట్టిగా ఉంది. దారం తెగిన ప్రతిసారీ ధోవతి మీద ఏమైనా మెరిసిందా అని చూసేవాళ్ళం. పైపొర ఊడింది. దాని కింద అవ్వ పసుపు చీర ముక్క, దాని కింద మౌలాబీ చిన్నమ్మ ఇచ్చిన పూల బట్ట. కమలక్క పిల్లవాడిని భుజాన వేసుకొని తిరుగుతూ ఏడుస్తోంది. వాడి ఏడుపుకు నేను తలెత్తినప్పుడల్లా దారం కొస జారిపోయేది. మొన కొట్టం నేల మీదో, బస్సులోనో పోయుంటే ఈ ఇంట్లో ఎన్నటికీ తేలదు. అది దొరకాలో దొరకకూడదో ఏది కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

"స్స్" అంది బాలవ్వ. ఆమె బొటనవేలి మీద రక్తం చుక్క లేచింది. తన చేతిలో ఉన్న మూల అంచును మెల్లగా తిరగేసి, మడతలోంచి మొనను లాగింది. ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లచ్చవ్వ అరచేతిలో పెట్టింది. అప్పటికి పిల్లవాడు కమలక్క భుజం మీద పాలు కక్కి, ఏడుపు ఆపి, కళ్ళు మూసుకున్నాడు. వాడి బాధ కడుపులోదే, బొంతది కాదు.

"ఈ బొంత తీసుకపోవాలె వదినె. మల్ల మా ఇంట్లకు రావద్దు ఇది."

లచ్చవ్వ తలూపింది. ముక్కలన్నీ దగ్గరికి చేర్చి మూట కట్టి లేచింది. కొంగుతో ముఖం తుడుచుకొని గడప వైపు తిరిగింది.

"నువ్వెటు పోతానవ్?" అంది బాలవ్వ. "మూట వాళ్ళు తీసుకపోతరు. అచ్చి చెప్పకపోతె నాకెట్ల తెలుస్తుండె? నువ్వు లోపలికి రా. పిలగాన్ని జర ఎత్తుకో, నాకు పొయ్యి మీద పనున్నది."

మేము వచ్చేసరికి కొట్టంలో మౌలాబీ చిన్నమ్మ జల్లెడ పట్టుకొని కూర్చుని ఉంది. నేల మీది దుమ్మంతా ఊడ్చి, గుప్పెడు గుప్పెడుగా జల్లిస్తూనే ఉంది. జుట్టంతా తెల్లబడింది దుమ్ముతో. దొరికిందని చెబితే ఆమె జల్లెడ వదలలేదు. "పిలగాడు?" అంది. బాగున్నాడన్నాక వదిలింది.

లచ్చవ్వ ధర్మసాగర్ నుంచి కొన్ని రోజుల తరువాత వచ్చింది. మిషన్ ఇంట్లోనే మూత పెట్టి ఉంది. ఇక దాన్ని బయటికి తీయనని నేను అనుకున్నాను. ఆమె మా వాకిట్లోకి వచ్చి, "ఏదే, మిషన్ తేలేదేంది?" అంది. వరుసలు నువ్వు వెయ్యి, మూలలు మాత్రం నాకు వదిలెయ్యి అని ఆమె పెట్టిన నియమం చివరిదాకా నడిచింది. ఆ రోజు మిషన్‌ను కొట్టం దాకా మోసింది బాపు. గుమ్మంలో దించి, ఎవరి వైపూ చూడకుండా పోయాడు. మిషన్ వచ్చాక కూర్చోవడం తగ్గుతుందని లచ్చవ్వ భయపడింది కానీ తగ్గలేదు. పిడి తిప్పడానికి ఒకరు, బట్ట నడపడానికి ఒకరు, పొరలు జరగకుండా అవతలి నుంచి పట్టుకోవడానికి ఇంకొకరు కావలసి వచ్చారు.

ఇప్పుడు పసిపిల్లల పరుపులు సంచిలో మూసి వస్తాయి. లోపల ఏముందో రాసిన చీటీ అంచుకు కుట్టి ఉంటుంది. సంచి చింపి నేరుగా పిల్లను పడుకోబెడతాం. తప్పేం లేదు, ఇప్పటి పిల్లలు క్షేమంగానే పెరుగుతున్నారు. వాటిని కుట్టినవాళ్ళు ఎవరో మనకు తెలియదు, వాళ్ళకు మన పిల్ల తెలియదు. తప్పు జరిగిందని బస్సెక్కి పరుగున వచ్చి చెప్పేవాళ్ళు మాత్రం ఉండరు. నేను పాత కాలం గొప్పదని అనడం లేదు. ఆ పాత కాలంలోనే కమలక్క ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది, ఆ పాత కాలమే దాన్ని లచ్చవ్వ ఇంటి గాలి మీదికి నెట్టింది.

కమలక్కకు తరువాత ఆడపిల్ల పుట్టింది. ఈసారి బాలవ్వ తానే కబురు చేసింది, చిన్న బొంత కుట్టి తెమ్మని. లచ్చవ్వతో నేనూ, అవ్వా పోయాం. బాలవ్వ మాకు పీటలు వేసి, మంచినీళ్ళిచ్చి, బొంతను తీసుకొని వెలుతురులోకి పోయింది. నేల మీద పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది. మేం ఏమనుకుంటామో అని చూడకుండా, ఒక అంచు నుంచి మొదలుపెట్టి, అరచేతిని నొక్కుతూ, వరుస వరుసా తడుముకుంటూ పోయింది. ఆ వైపు అయ్యాక తిరగేసి ఈ వైపు. లచ్చవ్వ నా పక్కన పీట అంచుకు జరిగి ఆ చేతినే చూస్తోంది. మూలల దగ్గర బాలవ్వ వేళ్ళు ఆగి, మడతలను నలిపి నలిపి చూశాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో మూల దగ్గర ఇంకాసేపు ఆగాయి. తరువాత ఆమె బొంత ఎత్తి దులిపి, తొట్టెలలో పరిచి, మా వైపు తిరిగింది.

"పిల్లను పండవెట్టు వదినె" అంది.